తొట్టి నీళ్ళు

బోగోలు చుట్టుపక్కల రొయ్యల చెరువున్నవాడు ఎవడైనా సరే, రొయ్య మేత ముట్టలేదంటే ముందు దేవుడికి మొక్కడు. ఒక సీసా నీళ్ళు పట్టుకొని పెంచలప్రసాద్ ల్యాబుకు పరిగెత్తుతాడు. ప్రసాద్ ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, నాలుగు చుక్కల మందు వేసి, రంగు తిరిగేదాకా ఓపిగ్గా ఊపి, "అమ్మోనియా పెరిగిందన్నా, రెండు పూటలు మేత ఆపు" అంటాడు. ఆ మాటకు ఇక తిరుగు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళకే అంత పేరు తెచ్చుకున్నాడు, కష్టపడే తెచ్చుకున్నాడు, కాదనడానికి లేదు. అయితే పేరుతో పాటు ఒక రోగం కూడా వస్తుంది. ఎదుటివాడు నోరు తెరవకముందే వాడికేమీ తెలియదని మనకు తెలిసిపోతుంది. ఆ రోగం ప్రసాద్‌కు బాగానే ముదిరింది.

అలాంటి మనిషి ఇంట్లో, ఆ మంగళవారం పొద్దున, గాజు తొట్టి అడుగున పన్నెండు నత్తలు చచ్చి పడి ఉన్నాయి.

మందుల షాపూ ల్యాబూ ముందు, ఇల్లు వెనక. మధ్యలో ఒక తలుపు. హాల్లో గోడ పొడుగునా నాలుగడుగుల తొట్టి, అందులో సముద్రపు నీళ్ళు, సముద్రపు రాళ్ళు, మద్రాసు నుంచి తెప్పించిన చారల చేపలు రెండు. కావలి దాకా ఎవరింట్లోనూ సముద్రం లేదని ప్రసాద్ గొప్ప. రైతులు వస్తే టీ ఇచ్చి మరీ చూపించేవాడు. అయితే అందరూ చేపల్ని చూసి వెళ్తే, అతను చూసుకునేది నత్తల్ని. గాజు మీద పచ్చగా పాచి పడుతుంది. నల్ల గుల్ల నత్తలు దాన్ని నాక్కుంటూ పోతుంటే వాటి వెనక శుభ్రమైన గాజు బాటలు పడతాయి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో కుర్చీ లాక్కొని, ఏది ఎంత దూరం పోయిందో చూస్తూ కూర్చోవడం అతనికి అలవాటు. సంక్రాంతి ముందు వేసిన నత్తలు మూడు నెలలు హాయిగా బతికాయి. ఒక నెల నుంచి ఒక్కొక్కటీ రాలడం మొదలై అన్నీ పోయాయి. మొన్న శుక్రవారం కొత్తవి పన్నెండు వేశాడు. నాలుగు రోజులు తిరగలేదు.

పట్టకారుతో ఒక్కొక్కదాన్నే తీసి పళ్ళెంలో వేస్తుంటే కంపు ఇల్లంతా పట్టింది. వంటింట్లోంచి అనూష కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వచ్చింది.

"కడుపులో తిప్పుతా ఉంది. మొన్న తెచ్చినవేనా ఇవి?"

"మొన్నటివే. ఆ కామమ్మ సచ్చినవి తెచ్చి అంటగట్టింది."

"శనివారం పాకినాయి గదండీ. నేను చూసినా."

పాకాయి. అతనూ చూశాడు. కానీ చావబోయే ప్రాణం కూడా ఒకటి రెండు రోజులు పాకుతుందిలే అని తనకు తానే చెప్పుకున్నాడు. కోపం వచ్చిన మనిషికి ఏ లెక్కయినా కుదురుతుంది. అయినా ఊరికే కోప్పడలేదు, పద్ధతిగానే నీళ్ళు పరీక్ష చేశాడు. అమ్మోనియా లేదు. ఉప్పు సరిపోయింది. పీహెచ్ ఎనిమిది పాయింట్ రెండు. చేపలు రెండూ మేత కోసం ఎగిరెగిరి పడుతున్నాయి. నీళ్ళకు ఏ లోపమూ లేదని తేల్చుకొని, ఎప్పటిలాగే గాజు మీద పెన్నుతో గీసిన గీత దాకా మంచినీళ్ళు పోశాడు. ఎండాకాలం, ఫ్యాను గాలికి రోజుకు వేలెడు నీళ్ళు ఆవిరైపోతాయి. నీళ్ళు పోతాయి గానీ ఉప్పు పోదు, అందుకని ఆ తగ్గిన వేలెడూ మంచినీళ్ళే పోయాలి. మగ్గుతో నాలుగు మగ్గులు పోసి, పళ్ళెం పట్టుకొని షాపులోకి నడిచాడు.

అప్పటికే షాపులో నరేంద్రబాబు కూర్చొని ఉన్నాడు. ఆరు చెరువుల ఆసామి. పక్క కుర్చీలో హేచరీ మేనేజరు కిషోర్ బాబు ఫోను చూసుకుంటున్నాడు. పనివాడు గిరిబాబు మందు డబ్బాలు సర్దుతున్నాడు. సరిగ్గా ఆ వేళకే కామమ్మ ఆటో దిగింది.

కామమ్మది జువ్వలదిన్నె. యాభై దాటిన మనిషి. తెల్లారకముందే బురదలో దిగి ఎర్రలు తవ్వుతుంది. ఆ ఎర్రలు హేచరీలో గుడ్లు పెట్టే తల్లి రొయ్యలకు మేత. బతికుంటేనే పనికొస్తాయి. పదకొండేళ్ళుగా ఆమె పోసే ఎర్రలే ఆ హేచరీ గేటు దాటి లోపలికి పోతున్నాయి. హార్బరు దగ్గర అలలకు అడ్డంగా పోసిన రాళ్ళ మీద నత్తలు ఏరి తెచ్చేది మాత్రం ప్రసాద్ ఒక్కడి కోసమే. తడి గోనెలో పాచి పరిచి, వాటి మధ్య పెట్టి తెచ్చేది. హేచరీకి పోతూ షాపు మెట్టు దగ్గర ఆగి నత్తల క్షేమం అడగకుండా పోదు. లోపలికి మాత్రం ఏనాడూ రాలేదు. చెప్పులు విడిచి, ఎర్రల గిన్నె మెట్టు మీద దించి, అక్కడే నిలబడుతుంది.

"ఏం అబ్బయ్యా, నా పిల్లలెట్టా ఉండాయి? గాజంతా నాకేసినాయా?" అంది నవ్వుతూ.

ప్రసాద్ పళ్ళేన్ని బల్ల అంచున టక్కున పెట్టాడు.

"చూడు. నువ్వే చూడు నీ పిల్లల్ని."

ఆమె నవ్వు పోయింది. ఒక గుల్ల తీసి తిరగేసింది, బొటనవేలి గోటితో గుల్ల నోటికుండే మూత దగ్గర నొక్కింది, వాసన చూసింది. ఇంకొకటి తీసింది. మరొకటి.

"అయ్యో అయ్యో. ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టి చూపించే గదా ఇచ్చినా అబ్బయ్యా. తాకితే మూత లాక్కున్నాయి గదా. నీళ్ళల్లో ఏమన్నా..."

"ఏందీ?" అన్నాడు ప్రసాద్. "నీళ్ళా?"

ఆ ఒక్క మాట అనకుండా ఉండుంటే కథ ఇంకోలా ఉండేదేమో. నరేంద్రబాబు వింటున్నాడు, కిషోర్ బాబు వింటున్నాడు, బల్ల మీద నలుగురు రైతుల నీళ్ళ సీసాలు వరసగా ఉన్నాయి. వాటి ముందు నిలబడి, ఎర్రలు తవ్వుకునే మనిషి తన నీళ్ళకు వంక పెట్టడమా?

"నీళ్ళ సంగతి నువ్వు నాకు చెప్తుండావా కామమ్మా? ఈ చుట్టుపక్కల సగం చెరువులకు నీళ్ళు చూసేది నేను. ఇప్పుడే చూసి వచ్చినా, అద్దం లాగుండాయి. నీళ్ళు బాగలేకపోతే చేపలు ఎగిరెగిరి తింటాయా?"

"నాకవన్నీ తెలవదు నాయనా. నేను చెప్పేదేందంటే..."

"తెలవనప్పుడు నోరు మూసుకోవాల. ఎండలో సంచి పడేసుకొని సగం సచ్చినాక తెచ్చి నా మొహాన కొట్టినావు. నత్తల కతే ఇట్టా ఉంటే, హేచరీకి పోసే ఎర్రలు ఇంకెట్టా ఉంటాయో!"

చివరి మాట ఆమెతో అన్నది కాదు. కిషోర్ బాబుకు వినపడాలని అన్నది. వినపడింది కూడా. ఆయన ఫోను జేబులో పెట్టుకొని, మెట్టు మీదున్న గిన్నె వైపు అదోలా చూశాడు.

"అవును, మొన్న రెండు తల్లి రొయ్యలు పోయినాయి మాకు. ఎందుకా అనుకుంటా ఉండాం" అన్నాడు.

కామమ్మ ఇద్దరి వంకా చూసింది.  కొంగు పరిచి పళ్ళెంలోని చచ్చిన నత్తల్ని పన్నెండూ అందులోకి ఎత్తుకుంది, ఒక్కటి కింద పడితే వంగి తీసుకుంది.

"ఇవెందుకు నీకు?" అన్నాడు ప్రసాద్.

"నేను తెచ్చిన ప్రాణాలు. నేనే సముద్రంలో ఏసుకుంటా." గిన్నె నెత్తికెత్తుకుంది. "వస్తా సారూ."

ఆమె ఆటో ఎక్కిన తర్వాత గానీ ప్రసాద్ చెవికి ఆ మాట తగల్లేదు. అయిదేళ్ళుగా అబ్బయ్యా అని పిలిచిన మనిషి సారూ అంది.

*

గురువారం పదిగంటలకు నరేంద్రబాబు మళ్ళీ వచ్చాడు. చెరువులో నత్తలు పడ్డాయట.

"గట్టు పొడుగునా పట్టేసినాయి ప్రసాదూ. మేతంతా అవే తింటుండాయి. ఏదన్నా చూడు సామీ."

"దానికింత ఆలోచనేందన్నా. మైలుతుత్తం సన్నంగా కలిపి గట్టెంబడి చల్లు. గిరీ, అన్నకు రెండు కేజీలు తూకం వెయ్."

గిరిబాబు నీలం రంగు బస్తా మూతి విప్పి, తలుపు పక్కనున్న మేకు వైపు చెయ్యి చాపాడు. మేకు ఖాళీగా ఉంది.

"రొయ్యకు దెబ్బ తగలదు గదా?" అడిగాడు నరేంద్రబాబు.

"రొయ్యకేం గాదు, చేపకేం గాదు. నత్తకు మాత్రం చిటికెడు చాలన్నా. తుత్తమంటే నత్తకు యముడు." ఈ మాట ప్రసాద్ రోజుకు నలుగురికి చెప్తాడు. నోటికి వచ్చిన పాఠం.

"మగ్గు యాడబెట్టినావన్నా?" అన్నాడు గిరిబాబు, బస్తా ముందు కూర్చొనే. "పొద్దున తొట్టికి నీళ్ళు పోసి అక్కడే వదిలేసినట్టుండావు."

ప్రసాద్ ఖాళీ మేకు వైపు చూశాడు.

తుత్తం తీసేందుకు ఇదివరకు ఒక రేకు డబ్బా ఉండేది. తుత్తం రేకును తినేస్తుంది. నెల కిందట దాని అడుగు ఊడి చేతికొచ్చింది. గిరిబాబు చూపిస్తే, "ఆ మగ్గుతో తియ్‌లేబ్బా, దానికేం" అన్నది ప్రసాదే. ఆ మగ్గు మేకు ఇంటి తలుపు పక్కనే. రోజూ పొద్దున ఇంట్లోకి వెళ్తూ దాన్నే అందుకుంటాడు, దులుపుతాడు, తొట్టికి నీళ్ళు పోస్తాడు, వస్తూ మళ్ళీ తగిలిస్తాడు. నెల రోజులుగా ఇదే వరస. నత్తలు రాలడం మొదలుపెట్టిందీ నెల నుంచే.

"ఏంది, అట్టా అయిపోయినావు?" అన్నాడు నరేంద్రబాబు.

"ఏం లేదన్నా. ఒక్క నిమిషం."

హాల్లో తొట్టి పక్క స్టూలు మీద మగ్గు ఉంది. తెల్ల ప్లాస్టిక్ మగ్గు. చూపుడు వేలు లోపల పెట్టి అడుగు అంచు చుట్టూ తిప్పాడు. వేలు నీలంగా వచ్చింది. తుత్తంలో ఉండేది రాగి. మంగళవారం అన్ని పరీక్షలూ చేశాడు గానీ రాగి పరీక్ష ఒక్కటే చేయలేదు. ఎందుకు చేస్తాడు? ఆ సీసా ఎవరూ అడగరు, అలమరలో దుమ్ము కొట్టుకొని ఉంది. దాన్ని తీసుకొచ్చి తొట్టి నీళ్ళలో చుక్కలు వేశాడు. కార్డు మీద ఉన్న చివరి గడి కన్నా ముదురుగా తిరిగింది రంగు. ఇంకోసారి వేశాడు. మళ్ళీ అంతే. చారల చేపలు గాజు దగ్గరికి వచ్చి, మేత వేస్తాడేమోనని అతని వేలి వెంట అటూ ఇటూ తిరిగాయి.

 మొదట వచ్చిన ఆలోచన కామమ్మ గురించి కాదు. ఎవరన్నా చూశారా అని. పరీక్ష గొట్టం కడిగేశాడు, కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు, మగ్గు తీసుకెళ్ళి పెరట్లో ఖాళీ డ్రమ్ముల వెనక పడేశాడు. అంతా చేశాక, తేలు కుట్టిన దొంగలాగా వచ్చి బల్ల వెనక కూర్చున్నాడు. తుత్తం గిరిబాబు చేటతో తూకం వేసి ఇచ్చేశాడు.

"కామమ్మను హేచరీలోకి రానియ్యట్లేదంటన్నా," అన్నాడు గిరిబాబు కట్టు కడుతూ, ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు. "నిన్న గేటు దగ్గరే తిప్పి పంపించినారంట. ఎర్రలన్నీ కాలవలో పారబోసిందంట. పదకొండేండ్లు పోసింది పాపం. సచ్చిన సరుకు తెస్తుందని పేరు పడిపోయింది."

"ఎవురన్నారంట?" అన్నాడు ప్రసాద్. అడగకుండా ఉండలేకపోయాడు.

గిరిబాబు తలెత్తి అతని మొహంలోకి చూశాడు. మంగళవారం వాడూ అక్కడే ఉన్నాడు. దారం కొరికి ముడి వేశాడు.

ఆ సాయంత్రం అనూషకు చెప్పాడు. ఆమె తొట్టి ముందుకెళ్ళి, నత్తలు సగంలో వదిలేసిన గాజు బాటల మీద మళ్ళీ పచ్చగా పడుతున్న పాచిని చూస్తూ నిలబడింది.

"పోయి చెప్పండి ఆమెకు. ఏమవుతుంది? నాలుగు రోజులు నవ్వుతారు."

"నవ్వితే బాగుండు అనూషా. తన తొట్టిలో విషం కనుక్కోలేనోడు మన చెరువు నీళ్ళేం చూస్తాడని ఎవురి సీసాలు వాళ్ళు తీసుకుంటే?"

"ఆమె ఎర్రలు పారబోసుకునింది," అంది అనూష. 

*

శుక్రవారం పొద్దున బండి వేసుకొని జువ్వలదిన్నె వెళ్ళాడు. దారిలో మాటలన్నీ కూర్చుకున్నాడు. మగ్గు సంగతి చెప్పి, తప్పయిందని, కిషోర్ బాబుకు ఫోన్ చేసి మళ్ళీ రానిమ్మంటానని చెప్పాలనుకున్నాడు. ఒంటరిగా ఆమెతో చెప్పడమే అతనికి పెద్ద సాహసంలాగా తోచింది.

కామమ్మ ఇసుకలో పాత వల మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్ని తిరగేస్తూ కనిపించింది. ఆ నెత్తళ్ళు ఆమెవి కావు. ఇంకొకరి సరుకుకు కూలికి వచ్చింది. అతన్ని చూసి లేవలేదు. కూర్చోమనీ అనలేదు. ప్రసాద్ బండి స్టాండు వేసి, ఇసుకలో షూలు కూరుకుపోతుంటే ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీళ్ళల్లో తుత్తం కలిసింది కామమ్మా. నా చేత్తోనే కలిసింది. షాపు మగ్గుతో తొట్టికి నీళ్ళు పోసినా. నత్తలు నీ దగ్గర సావలా. నేనే సంపినా."

"నాకు తెలుసు సారూ," అంది ఆమె. చెయ్యి ఆగలేదు.

"తెలుసా?"

"తుత్తమని తెలవదు. నీళ్ళల్లో ఏందో ఉండాదని తెలుసు. ఎండకు సచ్చే నత్త మూత బిగబట్టుకొని సస్తాది. నీ పళ్ళెంలో ఉండినవన్నీ నోరు తెరుచుకొని సచ్చినాయి."

"మరి ఆ రోజే చెప్పకపోయినావా?"

కామమ్మ అప్పుడు తలెత్తింది. ఎండకు కళ్ళు చికిలించి అతన్ని చూసింది.

"చెప్పబోయినా గదా సారూ. నోరు మూసుకోమంటివి."

ప్రసాద్ చూపు దించుకున్నాడు. ఇసుకలో పడిన ఒక నెత్తలిని వంగి తీసి వల మీద పెట్టాడు. ఏదో ఒక పని చేయకపోతే అక్కడ నిలబడడం కష్టమైపోయింది.

ఆమె లేచి, చేతులు దులుపుకొని, "ఇట్రా" అంటూ ఇంటి వైపు నడిచింది. కాలనీ ఇల్లు, ముందు చిన్న వసారా. వసారా నీడలో సగానికి కోసిన నీలం డ్రమ్ము, దాని మీద తడి గోనె. గోనె ఎత్తి చూపించింది. ఎనిమిది చిన్న నత్తలు డ్రమ్ము గోడకు అంటుకొని నెమ్మదిగా పాకుతున్నాయి.

"ఆ పొద్దు ఏరినవే ఇవీ. ఇరవై ఏరితే పెద్దవి నీకిచ్చినా. ఇవి ఇంకాస్త పెరిగితే ఇద్దామని ఉంచినా. పొద్దున రెండు బిందెలు, మాపున రెండు బిందెలు సముద్రం నీళ్ళు మారుస్తా. అంతకంటే నాకేం తెలవదు."

మందు సీసాలు లేవు, కార్డు లేదు, పెన్నుతో గీసిన గీత లేదు. ఎనిమిదీ బతికున్నాయి. 

"తప్పయిపోయింది కామమ్మా. కిషోర్ బాబుకు ఫోన్ చేస్తా. నిన్ను మళ్ళీ రానీమని చెప్తా."

"ఏమని చెప్తావు?"

 పోనీలెండి పాపం, ఇంకొక్కసారి చూడండి అని చెప్దామనుకున్నాడు. ఆ మాట ఇప్పుడు ఈ డ్రమ్ము ముందు నిలబడి పైకి అనలేకపోయాడు.

"తప్పయిందని నాకు చెప్పి ఏం లాభం సారూ? నాకు తెలిసిందే గదా. తెలవంది నీ షాపులో కూచోనుండినోళ్ళకి. జాలిపడి రానిస్తే, రేపు ఇంకోడెవురో పొమ్మంటాడు. నలుగురిలో అన్నావు, ఆ నలుగురిలోనే చెప్పు. రేపు పొద్దున వస్తా." గోనె మళ్ళీ కప్పి, అంచులు సర్దింది. "ఎండ నెత్తికెక్కకముందే పో."

*

శనివారం ప్రసాదే ఫోన్ చేసి కిషోర్ బాబును రమ్మన్నాడు. నరేంద్రబాబు సీసాతో తనే వచ్చాడు. ఇంకో ఇద్దరు రైతులు కూడా ఉన్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోవాలని పొద్దుటినుంచీ ప్రసాద్ గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. తొమ్మిదిన్నరకు కామమ్మ వచ్చింది. చేతిలో మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఎప్పటిలాగే చెప్పులు విడిచి మెట్టు దగ్గర నిలబడింది.

ప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"అన్నా, కిషోర్ గారూ, ఒక మాట. మంగళవారం నేను ఈమెను నానా మాటలన్నా. అవన్నీ తప్పు. నత్తలు సచ్చింది నా నీళ్ళకే. తుత్తం మగ్గుతో నీళ్ళు పోసినా తొట్టికి. ఈమె సరుకులో లోపం లేదు."

 నరేంద్రబాబు పకపకా నవ్వాడు.

"ఊరుకో ప్రసాదూ! నువ్వు తుత్తం కలుపుకోవడమేంది, మాకు చెప్పేదే నువ్వు గదా. పాపం పెద్దామె పని పోయిందని తప్పు నెత్తినేసుకుంటుండావు."

"మెత్తని మనసయ్యా నీది," అన్నాడు ఇంకో రైతు.

కిషోర్ బాబు కూడా తలాడించాడు. "చూసినావా కామమ్మా, ఎంత మంచోడో? తప్పు నీదైనా తన మీదేసుకుంటుండాడు. సార్‌కి ఒక దండం పెట్టుకో. సరే, సార్ చెప్పినాడు గాబట్టి ఇంకోసారి చూద్దాంలే."

 మంగళవారం ప్రసాద్ నోటికొచ్చింది అంటే అందరూ నమ్మారు, ఈరోజు నిజం చెప్తే ఒక్కడూ నమ్మలేదు. నమ్మకపోగా పొగుడుతున్నారు. ఇక్కడితో ఆపేసినా జరిగే నష్టం లేదు, పేరు పోదు, కామమ్మకు గేటు తెరుచుకుంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు గానీ, వచ్చింది మాత్రం నిజం. తలెత్తి కామమ్మను చూశాడు. ఆమె దండం పెట్టలేదు. డబ్బా మూత తీసింది. లోపల సముద్రపు నీళ్ళలో రెండు నత్తలు పాకుతున్నాయి.

"మాట నమ్మరని తెలిసే వచ్చినా. తొట్టి నీళ్ళు ఒక గలాసు తే సారూ."

ప్రసాద్ గాజు గ్లాసు తీసుకొని లోపలికి వెళ్ళాడు. హాల్లో తొట్టి ఉంది. నాలుగడుగుల అవతల, నడవలో, నిన్న హేచరీ నుంచి తెప్పించిన కొత్త సముద్రపు నీళ్ళ డ్రమ్ము ఉంది. రెండూ చూడ్డానికి ఒకటే నీళ్ళు. డ్రమ్ములో ముంచితే నత్త బతుకుతుంది. బతికితే బయట ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వుతారు, అతని మంచితనం ఊరంతా చెప్పుకుంటారు. ఆమె మాట మీద ఇక ఏనాటికీ ఎవరికీ గురి కుదరదు. అంతా ఒక గ్లాసు ఎక్కడ ముంచడమన్న దాంట్లో ఉంది. వంటింటి గుమ్మంలో అనూష నిలబడి చూస్తోంది.  ప్రసాద్ తొట్టిలోకి మోచేతి దాకా చెయ్యి దించి గ్లాసు నింపాడు.

షాపులోకి వచ్చి తన కుర్చీని బల్ల ముందుకు లాగాడు.

"లోపలికొచ్చి కూచో అక్కా."

ఆమె మెట్టు మీద నుంచి కదల్లేదు. "కూచో అక్కా" అన్నాడు మళ్ళీ. కాళ్ళు తుడుచుకొని వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఇంకో గ్లాసులో తన డబ్బాలోని నీళ్ళు పోసి, రెండు గ్లాసుల్లోనూ ఒక్కో నత్తను వేసింది. రైతులు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

ఆమె నీళ్ళలో ఉన్న నత్త కాసేపటికి మూత జరిపి, బూడిదరంగు పాదం బయటపెట్టి, గాజును పట్టుకొని పైకి పాకడం మొదలుపెట్టింది. ప్రసాద్ నీళ్ళలోది కూడా పాదం బయటపెట్టింది. గాజును తాకింది. ఒకటి రెండు నిమిషాలు అంటుకొని ఉంది. తర్వాత పాదం ముడుచుకుంది, పట్టు వదిలింది, టక్‌మని అడుగున పడింది. వెల్లకిలా పడి, మూత సగం తెరుచుకొని, అలాగే ఉండిపోయింది.

ఎవరూ నవ్వలేదు. కామమ్మ వెంటనే రెండు వేళ్ళతో దాన్ని తీసి, తన డబ్బా నీళ్ళలో ఒకటికి మూడుసార్లు జాడించింది. గిరిబాబు నీలం బస్తా మూతి దగ్గరికి లాగి కట్టేశాడు.

నరేంద్రబాబు ఆ గ్లాసు వైపు చూశాడు. తర్వాత బల్ల మీద వరసలో ఉన్న తన సీసాను తీసి సంచిలో పెట్టుకున్నాడు. ప్రసాద్ అది చూశాడు. వద్దనే హక్కు తనకుందని అనిపించలేదు.

కిషోర్ బాబు గొంతు తగ్గించి, "సోమవారం ఎర్రలు తీసుకురా కామమ్మా. గేటు కాడ నేను చెప్తా" అన్నాడు.

"ఉండు సారూ. ముందు దీన్ని కదలనీ." అరచేతిలో నత్తను పట్టుకొనే కిషోర్ బాబుతో అని, ప్రసాద్ వైపు తిరిగింది. "తిరగేసి అరచేతిలో పెట్టుకోవాల. చేతి వేడికి ప్రాణముంటే కదుల్తాది. నా చేతులు ఎర్రల బురదకు మొద్దుబారిపోయినాయి, తెలవదు. నువ్వు పట్టుకో సారూ."

ప్రసాద్ చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"చెయ్యి కడుక్కోని రా."

అందరి ముందూ అంది. అతను వెళ్ళి సబ్బుతో కడిగాడు. వచ్చాక ఆమె డబ్బాలోని సముద్రపు నీళ్ళు అతని అరచేతుల మీద పోసింది. గోళ్ళ సందులు రుద్దమంది. రుద్దాడు. అప్పుడు నత్తను తిరగేసి అతని అరచేతిలో పెట్టి, పైన నాలుగు చుక్కలు చిలకరించింది.

"కదలబాకు."

ప్రసాద్ చెయ్యి చాపుకొని షాపు మధ్యలో నిలబడ్డాడు. బల్ల మీద ఫోను మోగి ఆగిపోయింది. సీసాతో మెట్టెక్కిన కొత్త రైతొకడు, ఏం జరుగుతోందో అర్థంకాక గుమ్మంలోనే ఆగాడు. చెయ్యి నొప్పి పుట్టింది. రెండో చెయ్యి దాని కింద ఆనించుకున్నాడు. ఎంతసేపైందో తెలియదు. అరచేతి మధ్యలో తడిగా, చల్లగా, ఉందా లేదా అన్నట్టు ఏదో తగిలింది.

"కదిలిందక్కా," అన్నాడు.

కామమ్మ వంగి చూసింది. నత్తను తీసుకొని డబ్బాలో వేసుకుంది, మూత పెట్టింది, లేచి చెప్పులు వేసుకుంది. ప్రసాద్ తడి చెయ్యి తుడుచుకోకుండా ఆటో దాకా ఆమె వెనకే వెళ్ళాడు.